1851 నాటి ఆర్మీ పిస్టల్ కొన్నా, కండిషన్ ఎలా లెక్కగట్టాలి? పాలిష్ చేయొచ్చా?

కొత్తమోజు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ పాత పతకాలు, బెల్టు బకిల్స్ మాత్రమే దాచుకునేవాణ్ని, మొన్న ఒక ఎస్టేట్ సేల్‌లో ఈ పిస్టల్ కనపడేసరికి చెయ్యి ఆగలేదు, తెచ్చేసుకున్నా. అమెరికన్ ఆర్మీ మోడల్ 1842, సింగిల్ షాట్, క్యాప్ (కొడితే నిప్పురవ్వ పుట్టించే చిన్న లోహపు టోపీ) పెట్టి పేల్చే రకం. లాక్ ప్లేట్ (హ్యామర్ బిగించి ఉండే పక్క ఇనుప పలక) మధ్యలో యూఎస్, దాని కింద హెచ్. ఆస్టన్ అని ఉంది, హ్యామర్ వెనకాల మిడిల్‌టౌన్ కనెక్టికట్ అని పొట్టి అక్షరాల్లో, కింద 1851. బ్యారెల్ తోక (వెనక కొస) మీద మాత్రం 1850 లాగా కనిపిస్తోంది, అక్కడే నాకు మొదటి డౌటు. బ్యారెల్ అంతా ముదురు గోధుమ రంగు, నిపుల్ (క్యాప్ కూర్చునే చిన్న గొట్టం) చుట్టూ బాగా గుంటలు, ఇత్తడి నల్లబడిపోయింది, చెక్క మీద ఎడమవైపు రెండు ఇన్‌స్పెక్టర్ ముద్రల్లో ఒకటి చదవొచ్చు, రెండోది గుడ్డిగా ఉంది. అమ్మినాయన "ఎక్స్‌లెంట్, 90 శాతం ఫినిష్" అని ట్యాగ్ కట్టాడు. దేంట్లో 90 శాతమో నాకు అర్థం కాలేదు. ఆదివారం ఖాళీగా ఉన్నా, ఇత్తడి పాలిష్ డబ్బా, ఎమ్రీ పేపర్ రెడీగా పెట్టుకున్నా. మొదలెట్టనా?

తుప్పుబాబాయ్:
ఆ డబ్బా మూత తీయకండి సార్, ముందు చెప్పేది వినండి.

కండిషన్ సంగతి తర్వాత, అసలు అది లోడై ఉందో లేదో చూశారా? నవ్వకండి, ఇలాంటి పాతవి ఎవరో ఎప్పుడో మందు కూరి అలాగే వదిలేసినవి ఇప్పటికీ దొరుకుతుంటాయి, తడి తగలకపోతే ఆ నల్ల గన్‌పౌడర్ నూటేభై ఏళ్లైనా పనిచేస్తుంది. మూతికి ఎదురుగా ఉండకుండా సన్నటి చెక్క పుల్ల ఒకటి బ్యారెల్‌లోకి చివరిదాకా మెల్లగా దించి, మూతి దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, బయటికి తీసి బ్యారెల్ పక్కన పెట్టి చూడండి. పుల్ల కొస నిపుల్ దాకా రావాలి, అంతకన్నా ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. అది తేలేదాకా హ్యామర్ ముట్టుకోవద్దు.

ఇక ట్యాగ్ గురించి. అమెరికాలో కలెక్టర్లు ఎక్కువగా ఎన్‌ఆర్‌ఏ (అక్కడి నేషనల్ రైఫిల్ అసోసియేషన్) గ్రేడులు వాడతారు, అందులో ఈ కాలపు తుపాకులకి ఒక లెక్క, యాంటిక్‌లకి ఇంకో లెక్క. యాంటిక్‌లో ఎక్స్‌లెంట్ అనాలంటే పార్టులన్నీ ఒరిజినలే అయ్యుండాలి, ఒరిజినల్ ఫినిష్ (ఫ్యాక్టరీలో ఇచ్చిన పైమెరుగు) 80 శాతం పైన మిగలాలి, అక్షరాలు పదునుగా ఉండాలి, చెక్కకి దెబ్బలుండకూడదు. ఫైన్ అంటే 30 శాతం పైన. వెరీ గుడ్ అంటే ఫినిష్ అసలు లేకపోయినా పర్లేదు, కానీ పార్టులు ఒరిజినల్, లోహం నున్నగా, అంచులన్నీ పదునుగా, అక్షరాలు స్పష్టంగా ఉండాలి, ఇక్కడ బోర్ (బ్యారెల్ లోపలి భాగం) ఎలా ఉందో పట్టించుకోరు. గుడ్‌లో చిన్న పార్టులు కొన్ని మారినా ఒప్పుకుంటారు, కొంచెం తుప్పు, అక్కడక్కడా గుంటలు, తోమిన గుర్తులు ఉన్నా ఓకే. మీరు చెప్పినదాన్ని బట్టి నాకైతే గుడ్‌కీ వెరీ గుడ్‌కీ మధ్యలో కనిపిస్తోంది.

అసలు కిటుకు ఏంటంటే ఈ మోడల్ బ్యారెల్‌కి ఫ్యాక్టరీలో బ్లూయింగే (ఇనుముకి నీలి నలుపు రంగు తెప్పించడం) లేదు, తెల్లగా మెరిసేలా పాలిష్ చేసి ఇచ్చేవాళ్లు. ఆ మెరుపే దీని ఫినిష్. మీది గోధుమ రంగులోకి మారిపోయిందంటున్నారు కాబట్టి ఆ 90 శాతం మాట గాల్లోంచి వచ్చిందే. అట్లాగని మళ్లీ తోమి మెరిపిస్తే ఒరిజినల్ మెరుపు రాదు, తోమిన మెరుపు వస్తుంది, రెండూ ఒకటి కాదు. ముద్ర కొట్టినప్పుడు లోహం అక్షరం చుట్టూ రవ్వంత పైకి ఉబ్బుతుంది, వేలు పెట్టి రుద్దితే తెలుస్తుంది. ఎమ్రీ పడిందా ముందు పోయేది అదే.

తేదీల తేడాకి కంగారు పడకండి. లాకులు వేరు బ్యారెళ్లు వేరు పెట్టెల్లో ఉండేవి, ఆస్టన్ ఒక్కడే 30,000 పిస్టళ్లు చేశాడు, తర్వాత ఐరా జాన్సన్ ఇంకో 10,000. ఒక ఏడాది తేడా మామూలే. అయిదారేళ్ల తేడా ఉంటే అప్పుడు అనుమానించాలి.

వాల్‌నట్_లక్ష్మి:
బాబాయ్ ఇనుము దగ్గరే ఆగిపోయారు, నాకు ముందు చెక్క చూడాలనిపిస్తుంది. లాక్ ప్లేట్ అంచు దగ్గర అడ్డంగా టార్చ్ వేసి చూడండి తమ్ముడూ. చెక్క లోహంతో సమానంగానో, వెంట్రుకవాసి ఎత్తుగానో ఉండాలి. చెక్క లోపలికి దిగి ఇనుము అంచు బయటికి పొడుచుకొస్తే ఎవరో సాండింగ్ చేసినట్టు. మీ రెండో ముద్ర ఎందుకు గుడ్డిదైందో కూడా అక్కడే తెలిసిపోతుంది, చేతిలో పట్టుకుని అరిగిందైతే చుట్టూ చెక్క కూడా మెత్తగా అరిగుంటుంది, సాండింగ్‌లో పోయిందైతే ఆ పక్కంతా చదునుగా ఉంటుంది. ఒక ముద్ర బావుండి ఒకటి లేదంటే నాకు అరుగుదలే అనిపిస్తోంది.

లాక్ వెనకాల సన్న పగుళ్లు ఉన్నాయేమో చూడండి, స్క్రూ తలల గాడి చెడిపోయిందేమో చూడండి, చెడితే ఎవరో సరిపోని స్క్రూడ్రైవర్‌తో చాలాసార్లు విప్పారని. ఇంకోటి, బ్యారెల్ కింద మడత లింకుతో వేలాడే రామ్‌రాడ్ (మందు, గుండు లోపలికి దట్టించే కడ్డీ) ఉందా? ఆ లింకు విరిగిపోయి కొత్తది వేయించినవి బోలెడు.

ఏదైతేనేం:
నేను కొంచెం తేడాగా చెప్తా ఏమనుకోవద్దు. అందరూ ముట్టుకోకు ముట్టుకోకు అంటారు గానీ ఎర్రటి పొడి తుప్పు ఉంటే వదిలేయడం కూడా తప్పే కదా, అది లోపలికి తింటూనే ఉంటుంది. నా దానికి వైర్ బ్రష్ వేసి కోల్డ్ బ్లూ (ఇంట్లోనే పూసుకునే బ్లూయింగ్ మందు) పూసేశా, షోకేస్‌లో సూపర్‌గా ఉంది, ఎవరూ ఏమీ అనలేదు.

తుప్పుబాబాయ్:
మీ ఇంటికొచ్చినవాళ్లు మొహమాటానికి అనలేదేమో 😄 మొదటి మాట మాత్రం కరెక్టే. వేలికి ఎర్రగా అంటితే బతికున్న తుప్పు, దాన్ని ఆపాలి. నున్నగా, ముదురు గోధుమ రంగులో, వేలికి అంటకుండా ఉంటే అది పటీనా, వదిలేయాలి. ఎర్రదానికి పల్చటి నూనె రాసి రెండ్రోజులు నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడవడం, పోకపోతే ఇత్తడి ముక్కతో మెల్లగా గీకడం, ఆపైన మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ (లోహాన్ని తడి నుంచి కాపాడే మైనం). నిపుల్ చుట్టూ గుంటలంటే ఆ రోజుల్లో క్యాపుల్లోని క్లోరేట్ పేలాక ఉప్పులాంటిది మిగిల్చేది, అది గాలిలో తడిని లాగి ఇనుముని తినేది. పేల్చిన తుపాకీకి ఆ చోట గుంటలు లేకుండా నున్నగా ఉంటేనే నాకు అనుమానం. నిపుల్ కొత్తది వేశారా అన్నది వేరే సంగతి, అది అరిగితే మార్చే పార్టే.

ఇత్తడి నలుపు కూడా ఉంచేయండి. బ్లూ పూసిన 1842 బ్యారెల్ ఎవరైనా చూపిస్తే నేనైతే పక్కన పెట్టి వచ్చేస్తా.

కొత్తమోజు:
బాబాయ్, మీ పుల్ల టెస్ట్ చేశా. కొస నిపుల్‌కి ఇంచున్నర ముందే ఆగిపోయింది!! రెండుసార్లు చేశా, అంతే. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, నిన్నటిదాకా మా ఆవిడకి చూపిస్తూ ట్రిగ్గర్ నొక్కుతూ ఉన్నా.

తుప్పుబాబాయ్:
కింద పెట్టండి, మూతి గోడవైపు. వేడి, డ్రిల్లు, హ్యామర్ ఏదీ వద్దు, మీరే లాగే ప్రయత్నం కూడా వద్దు. బ్లాక్ పౌడర్ తుపాకులు తెలిసిన గన్‌స్మిత్‌కి ముందే ఫోన్ చేసి, లోడై ఉండొచ్చు అని చెప్పి తీసుకెళ్లండి. ముందు లోపలి మందుని తడిపి పనికిరాకుండా చేసి ఆ తర్వాతే బాల్ లాగుతారు. గ్రేడ్ గొడవ తర్వాత చూసుకుందాం.

కొత్తమోజు:
నాలుగు రోజుల తర్వాత అప్‌డేట్. గన్‌స్మిత్ తీశాడు, నిజంగానే సీసం గుండు, దాని వెనక గడ్డకట్టిన మందు. గుండు చిన్న డబ్బీలో వేసి పిస్టల్‌తో పాటే ఇచ్చాడు. లక్ష్మక్కా, టార్చ్ వేసి చూశా, చెక్క అంచు వెంట్రుకవాసి ఎత్తుగానే ఉంది. రామ్‌రాడ్ లింకు మాత్రం మిగతా ఇనుము కన్నా తెల్లగా ఉంది, కొత్తదే అయ్యుంటుంది. అంటే గుడ్ అనే రాసుకోనా?

వాల్‌నట్_లక్ష్మి:
గుడ్ అనే రాయి, పక్కన "లింకు మార్చినది" అని కూడా రాయి. గుండు ఫోటో పెట్టవూ.