గంజాయి తాగినవాడి మీద కేసు ఉండాలా?

కావలి గేటుకాడ:
మా పెద్దమ్మ మనవడికి ఇరవై రెండేళ్లు. పోయిన నెల జేబులో గంజాయితో దొరికాడు. ఒక్క పొట్లం. వకీలు ఫీజుకి పెద్దమ్మ కమ్మలు తాకట్టులోకి పోయాయి. మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ కింద గంజాయి తాగితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. అమ్మేవాడిని వదలమని నేననను. తాగినవాడి మీద కేసు తీసేయాలి. పోర్చుగల్ 2001లోనే తీసేసింది. పది రోజుల వాడకానికి మించని సరుకుతో దొరికితే కోర్టుకి కాదు, ఒక కమిటీ ముందుకి పంపుతారు.

ఒంగోలు మాస్టారు:
సందు చివర చిల్లరగా అమ్మేవాడి జేబులో ఉండేదీ అంతే కదయ్యా! వాడూ సొంతానికే అంటాడు. కేసు తీసేస్తే ఏమవుతుందో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రాన్ని చూడండి. 2020లో నూటికి 58 మంది ఓటేసి, హెరాయిన్ లాంటి మత్తుమందులు కొద్దిగా దగ్గరుంటే జైలు లేకుండా తీసేశారు. దొరికితే 100 డాలర్ల జరిమానా, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే అదీ మాఫీ. చేసినవాళ్లే అరుదు. నడివీధిలో వాడకం చూసి జనానికి విసుగొచ్చింది. 2024లో మళ్లీ నేరం చేశారు.

దూబగుంట కోడలు:
అక్కడ జైలు ముందు తీశారు, వైద్యానికి డబ్బు నత్తనడకన వచ్చింది మాస్టారూ. 1992లో మా ఊరి ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు మొగుళ్లని లోపలేయమనలేదు, కొట్టు మూయమన్నారు. "వాడు జైలుకి పోతే కూలి డబ్బులు ఎవడు తెస్తాడే" అని మా అత్త ఇప్పటికీ అంటది.

ఒంగోలు మాస్టారు:
1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో సడలించారు. తాగుడు పోయిందా తల్లీ?

దూబగుంట కోడలు:
పోలేదు. జైలుతో గంజాయి పోయిందా మరి?

నెల్లూరు నల్లకోటు:
పోర్చుగల్ దాకా ఎందుకు, మన చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. అలవాటుపడ్డవాడు తనంతట తాను వైద్యానికి వస్తే తాగిన కేసులో, చిన్న మొత్తం కేసులో ప్రాసిక్యూషన్ ఉండదు. వైద్యం మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. గంజాయికి చిన్న మొత్తమంటే కిలో దాకా. ఇది అడిగేవాళ్లే తక్కువ.

కావలి గేటుకాడ:
మా వకీలు ఈ మాటే ఎత్తలేదన్నా. సోమవారం వెళ్లి అడుగుతా. వాడు వైద్యానికి ఒప్పుకోవాలి కదా, అదొక టెన్షన్. రాత్రిళ్లు మేడెక్కుతున్నాడని పెద్దమ్మ మెట్లకి అడ్డంగా చాపేసుకుని పడుకుంటోంది.