లేబర్ షెడ్లలో టీకా పోస్టరు: ఏం రాయాలి, ఎక్కడ అంటించాలి?

ప్రశ్న:
బెంగళూరు సర్జాపుర రోడ్డులో ఒక బిల్డింగ్ సైటు పక్కన కూలీల షెడ్లున్నాయి. ఎక్కువగా కర్నూలు, అనంతపురం వైపు కుటుంబాలు. బిడ్డకు నెలన్నరకు వేసే మొదటి సూదికి వస్తున్నారు, ఆ రాత్రి బిడ్డకు జ్వరమొస్తే రెండోదానికి రావడం లేదు. "టీకాలపై వదంతులు నమ్మకండి" అని తెలుగులో పోస్టరు వేసి, కింద ఒక్కో వదంతికీ జవాబు రాద్దామనుకుంటున్నాం. సరిపోతుందా? సైజు ఎంత?

జవాబు 1:
వద్దండి. వదంతిని అచ్చేస్తే దారిన పోయేవాళ్ళకు గుర్తుండేది అదే, కింది జవాబు చదివే తీరిక ఎవరికుంది? పైగా మీ దగ్గర చిక్కు వదంతితో కాదు, జ్వరంతో. దాని గురించే రాయండి.

పెంటా సూది (ఐదు జబ్బులకు కలిపి, నెలన్నరకు మొదలుపెట్టేది) తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ మీద వాపు, నొప్పి రావచ్చు. వేసినచోట రుద్దొద్దు, ఏమీ పూయొద్దు. పారాసెటమాల్ నర్సమ్మ చెప్పిన మోతాదులోనే. పాలు మామూలుగా పట్టాలి. దాని పక్కనే, ఫిట్స్ వచ్చినా, ఆయాసపడినా, పాలు తాగక మగతగా పడున్నా, జ్వరం దిగకపోయినా వెంటనే ఆసుపత్రికి అని రాయండి. భయపడతారని ఈ వరుస తీసేయకండి. దాచిపెట్టారని తెలిస్తే మిగతాదీ నమ్మరు.

తట్టు-రుబెల్లా సూదికి వేరే వరుస కావాలి. దానికి జ్వరం, సన్నటి దద్దుర్లు వారం పది రోజులకు రావచ్చు. అన్నిటికీ కలిపి "రెండ్రోజుల్లో తగ్గిపోతుంది" అని రాశారనుకోండి, ఎనిమిదో రోజు దద్దుర్లు చూసి పోస్టరు అబద్ధమంటారు.

బొమ్మగా పెద్ద సిరంజి వద్దు. ఒళ్ళో బిడ్డతో తల్లి చాలు.

జవాబు 2:
ఏ3 చాలు. శీర్షిక అక్షరం రెండున్నర సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఒత్తులు, గుణింతాలు ఒకదానికొకటి తగలకుండా వరుసల మధ్య జాగా వదలండి, సన్నటి ఫాంటు వాడకండి.

ఇక్కడి ప్రెస్సుల్లో అసలు తంటా ఒత్తులతోనే. వాట్సాప్‌లో మ్యాటర్ పంపితే వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడొచ్చు, కన్నడ ఆపరేటరు అది పట్టుకోలేడు. అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి (ఫాంటుతో పనిలేని బొమ్మ గీతల్లోకి) మార్చి, పీడీఎఫ్‌ను ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపి, ఒక కాపీ చూశాకే మిగతావి వేయించండి. లామినేషన్ మ్యాట్ అడగండి. గ్లాసీ అయితే ట్యూబ్‌లైటు మెరుపుకి సగం కనబడదు.

సైటు గేటు మీద వద్దు, అక్కడ కాంట్రాక్టరు బోర్డుల్లో కలిసిపోతుంది. నీళ్ళ కొళాయి దగ్గర, ఆడవాళ్ళ కంటి ఎత్తులో. క్లినిక్ చిరునామా మాత్రం కన్నడలో కూడా వేయండి, ఫొటో తీసుకుని ఆటోవాళ్ళకు చూపిస్తారు.

అడిగినవారు:
"6, 10, 14 వారాలు" అని పెట్టాం. ఊరెళ్ళి డోసు తప్పినవాళ్ళ మాటేమిటి?

జవాబు 1:
వారాలు ఎవరూ లెక్కపెట్టరండి. "నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలలు" అనండి. తట్టు-రుబెల్లా 9 నెలలు నిండాక ఒకటి, 16–24 నెలల మధ్య రెండోది. పెంటా మధ్యలో ఆగితే మొదటినుంచి అక్కర్లేదు, మిగిలిన డోసులే. ఆంధ్రాలో ఇచ్చిన కార్డు ఇక్కడా చెల్లుతుంది, పారేయొద్దని పెద్దగా రాయండి.

అచ్చుకిచ్చే ముందు ఐదారుగురు తల్లులకు చూపించి, "బాగుందా?" అనకుండా "ఇందులో ఏముందో చెప్పక్కా" అనండి. ఇద్దరు తడబడిన వాక్యం మార్చాల్సిందే. వచ్చే టీకా తేదీకి ఖాళీ పెట్టె వదిలి మార్కరుతో రాయండి. స్పిరిట్ దూదితో తుడిస్తే పోతుంది. తేదీ మార్చే పని ఆశా అక్కకా, మీకా అన్నది ఇప్పుడే తేల్చుకోండి.