ఫ్రీజర్‌లోంచి తీసిన సెఫజోలిన్ (యాంటీబయోటిక్) సిరంజీలకు మళ్లీ కొత్త బీయూడీ (ఈ టైమ్ దాటితే వాడకూడదనే గడువు) వేయొచ్చా?

ఐవీ_రూమ్:
అమెరికాలో హాస్పిటల్ ఫార్మసీ, క్లీన్‌రూమ్‌లో క్యాటగిరీ 2 (గడువు పట్టికలో ఒక వర్గం) కింద తయారీ. సెఫజోలిన్ 2 గ్రాములు/20 మి.లీ. సిరంజీలు బ్యాచ్‌గా చేస్తున్నాం. వాడేవన్నీ స్టెరైల్ వయల్సే, స్టెరిలిటీ టెస్ట్ మాత్రం చేయించడం లేదు. యూఎస్‌పీ 797 (స్టెరైల్ మందుల తయారీకి అమెరికా ప్రమాణాల చాప్టర్) పట్టికలో బయట 4 రోజులు, ఫ్రిజ్‌లో 10, ఫ్రీజర్‌లో 45 అని ఉంది. 40వ రోజున ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మారిస్తే అక్కణ్ణుంచి మళ్లీ 10 రోజులు వేయొచ్చా? ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లి వాడకుండా తిరిగొచ్చినవి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చా?

లామినార్_ఫ్లో:
వేయకూడదండీ. బీయూడీ లెక్క తయారీ మొదలుపెట్టిన తేదీ, టైమ్ నుంచే. కరిగించినప్పటి నుంచి కాదు. 45కి 10, దానికి 4 కలపడం కుదరదని చాప్టర్‌లోనే ఉంది. 40వ రోజున ఫ్రిజ్‌లోకి దించితే మిగిలేది 5 రోజులే.

లేబుల్ మీద గంట కూడా రాయండి. ఫ్రిజ్ బ్యాచ్ మార్చి 3 ఉదయం 8:40కి మొదలైతే బీయూడీ మార్చి 13 ఉదయం 8:40. ఆఖరి సిరంజి 10:15కి నింపినా అదే టైమ్. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

స్టెబిలిటీ_ముందు:
పై జవాబు సరైనదే గానీ, అసలు ఆ 45 మీకు వర్తిస్తుందా అన్నది ముందు చూసుకోవాలి. పట్టికలో ఉన్నది సూక్ష్మజీవుల భయానికి పెట్టిన గరిష్ఠ హద్దు. మందు రసాయనికంగా అన్నాళ్లు నిలుస్తుందని దానర్థం కాదు. రెండింటిలో ఏది తక్కువైతే అదే బీయూడీ. కలిపిన సెఫజోలిన్‌కు తయారీదారు లేబుల్ ఇచ్చేది గది ఉష్ణోగ్రతలో 24 గంటలు, ఫ్రిజ్‌లో 10 రోజులు. కాబట్టి పట్టికలోని "బయట 4 రోజులు" మీకు లేనట్టే.

ఫ్రీజర్‌కైతే అదే గాఢతలో, అదే రకం ప్లాస్టిక్ సిరంజిలో చేసిన స్టెబిలిటీ డేటా (మందు ఎన్నాళ్లు నిలుస్తుందో చూసిన పరీక్షల ఫలితాలు) చేతిలో ఉండాలి. బ్యాగ్‌లో చేసిన డేటా సిరంజికి పనికిరాదు. గడ్డకట్టేటప్పుడు ద్రవం ఉబ్బి ప్లంజర్‌ను వెనక్కి నెడుతుంది, చలికి రబ్బరు బిగుసుకుపోతుంది. సీల్ వదిలితే కంటికి ఏమీ కనబడదు, లోపల మాత్రం స్టెరిలిటీ పోయినట్టే. డేటా లేకపోతే ఫ్రీజర్ మాట మానేసి, 10 రోజుల్లో అయిపోయేంత చిన్న బ్యాచ్ చేయడం మేలు.

డేటా ఉండి ఫ్రీజర్‌లో పెడితే -25 నుంచి -10 డిగ్రీల మధ్యే ఉంచాలి. కరిగించడం ఫ్రిజ్‌లో లేదా గదిలో దానంతటదే జరగాలి. వేణ్నీళ్లు, మైక్రోవేవ్ వద్దు. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు.

కోల్డ్_చెయిన్:
థియేటర్ నుంచి తిరిగొచ్చినవాటి సంగతి. బయట ఎన్ని గంటలున్నాయో రాసి లేకపోతే పారేయడమే. మధ్యాహ్నం 2కి వచ్చిన సిరంజి ఉదయం 6 నుంచి ట్రాలీ మీదే ఉందో, పక్క గది ఫ్రిజ్‌లో ఉందో ఎవరు చెప్తారు? పంపేటప్పుడే "ఫ్రిజ్ నుంచి తీసిన టైమ్" అని చిన్న స్టిక్కర్ వేసి, 24 గంటల్లో వాడాలని రాయండి. ఆ గడువు కూడా అసలు బీయూడీ దాటకూడదు.

ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీలు. ఉష్ణోగ్రత రోజూ రాయాలి, లేదా ఆగకుండా రికార్డ్ చేసే పరికరం ఉండాలి. సిరంజీలు తలుపు అరల్లో వద్దు, తీసినప్పుడల్లా వెచ్చని గాలి ముందు తగిలేది వాటికే. రాత్రి 11 డిగ్రీలకు ఎక్కిందని తెలిస్తే ఆ ట్రే మొత్తం విడిగా పెట్టి "వాడకూడదు" అని రాయండి. ఎంతసేపు ఎక్కిందో రికార్డ్ చూసి ఫార్మసిస్ట్ తేల్చేదాకా అందులోంచి ఒక్కటీ బయటికి వెళ్లకూడదు.