డిక్కీ మీద బ్యాడ్జ్ మార్చాలి, పెయింట్ పోకుండా ఎలా?

ప్రశ్న:
నాన్నగారి కారు ఇప్పుడు నేను వాడుతున్నాను. వెనక లోగో మీద క్రోమ్ పొరలుగా లేచిపోయింది, తుడుస్తుంటే గుడ్డ దారాలు పట్టుకుంటున్నాయి. కొత్తది తెచ్చాను. పాతది స్క్రూడ్రైవర్‌తో లేపితే పెయింట్ పోతుందేమోనని టెన్షన్. ఎవరైనా చేశారా?

జవాబు:
స్క్రూడ్రైవర్ జోలికి అసలు వెళ్లకండి. ముందు పాత బ్యాడ్జ్ అంచుల వెంట మాస్కింగ్ టేప్ అంటించి గుర్తు పెట్టుకోండి. లేకపోతే కొత్తది వంకరగా కూర్చుంటుంది, రోజూ అదే కంట్లో పడుతుంది. హెయిర్ డ్రైయర్ ఒకేచోట ఆపకుండా తిప్పుతూ జిగురు మెత్తబడేదాకా వేడి చేయండి. తర్వాత గాలం దారాన్ని బ్యాడ్జ్ వెనక్కి దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగండి. కదలకపోతే మళ్లీ వేడి చేయాలి, బలం వాడొద్దు. మిగిలిన జిగురు బొటనవేలితో రుద్దితే ఉండలు కట్టి చాలావరకు వచ్చేస్తుంది.

ఇంకొకరు:
దారం ఎక్కడైనా గట్టిగా ఆగిపోతే వెనక పిన్నులు ఉన్నాయేమో చూడండి. ఉంటే కొత్తది కూడా పిన్నులదే పెట్టాలి. ఆ రంధ్రాలు తెరిచి ఉంటే నీళ్లు దిగి తుప్పు పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
పిన్నులు లేవండి, శుభ్రంగా వచ్చేసింది! కానీ లోగో ఉన్నచోట పెయింట్ నిగనిగలాడుతోంది, చుట్టూ వెలిసిపోయింది.

జవాబు:
ఎండ తగలని చోటు కదా. పాలిష్ చేస్తే తేడా తగ్గుతుంది. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (జిడ్డు వదిలించే స్పిరిట్) తుడవండి, పాలిష్‌లోని మైనం మిగిలితే కొత్త బ్యాడ్జ్ వెనకున్న టేప్ పట్టదు. అంటించాక కనీసం 24 గంటలు కారు కడగొద్దు.