అంజీర మొక్క: ఎండు పండు గింజలతో పెంచొచ్చా, నర్సరీ నుంచే తేవాలా?

నిజాంపేట_మిద్దె:
అందరికీ నమస్కారం. మాది అపార్ట్‌మెంట్ పైన టెర్రస్, ఎండకు లోటు లేదు. టమాటా, బెండ, పుదీనా పెంచిన అనుభవం ఉంది. ఇప్పుడు అంజీర పెట్టాలని ఉంది. కుండీ ఎంత సైజు ఉండాలి, ఏ రకం మంచిది, ఎన్నాళ్లకు కాస్తుంది? మా అత్తగారు బేగంబజార్ నుంచి తెచ్చిన ఎండు అంజీర్ గింజలు చల్లితే బోలెడు మొలకలు వచ్చాయి. వాటినే పెంచమంటారా?

పిగిలిపిట్ట_బాధితుడు:
కుండీ సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు వల కొనండి. కాయ మెడ వాల్చి, అడుగున తేనెచుక్క కనిపించిందంటే రేపు కోద్దామనుకుంటాం. తెల్లారేసరికి తొక్క వేలాడుతుంటుంది. పోనీ ముందే కోసి బియ్యం డబ్బాలో పెడదామా అంటే, ఇదేం మామిడికాయ కాదు. పచ్చిగా కోస్తే మాగదు, చెట్టు మీదే మాగాలి. మా అల్వాల్‌లో పిట్టలకున్న ఓపిక నాకు లేదు.

ఉప్పల్_అంట్లు:
మేడమ్, ఆ మొలకలు పీకేయండి. పెన్సిలంత లావు, జానెడు పొడవున్న కొమ్మ ముక్క తెచ్చి, ఆకులు తుంచేసి, సగం కణుపులు మట్టిలోకి పోయేలా ఇసుక కలిపిన మిశ్రమంలో గుచ్చి నీడలో పెట్టండి. కొమ్మ నుంచి వచ్చిన మొక్క రెండో ఏడాదికే కాయ చూపిస్తుంది. గింజ మొక్కను నమ్ముకుంటే అంతే సంగతులు.

అత్తాపూర్_పెద్దాయన:
ఎవరో ముచ్చటపడి మొలిపించుకుంటే పీకేయమనడం ఏం పద్ధతండీ? మా ఇంట్లో జామ గింజ మొక్కే, సీతాఫలం గింజ మొక్కే. రెండూ గంపలకొద్దీ కాశాయి. ఈ కాలంలో అన్నీ అంటు మొక్కలే కొనాలంటారు, నర్సరీల వ్యాపారం కాకపోతే.

ఉప్పల్_అంట్లు:
సార్, నేను మొక్కలు అమ్మను, అడిగినవాళ్లకు కొమ్మలు ఊరికే ఇస్తా. జామ వేరు, ఇది వేరు. అంజీరలో కొన్ని చెట్లు మగవి, వాటి కాయ తినడానికి పనికిరాదు. గింజ మొక్కల్లో దాదాపు సగం అవే వస్తాయి. మిగతా ఆడ మొక్కల్లో కూడా కొన్నింటికి ప్రత్యేకమైన చిన్న కందిరీగ వచ్చి పుప్పొడి అంటించాలి, లేకపోతే కాయ గోలీకాయంత ఉన్నప్పుడే రాలిపోతుంది. ఆ కందిరీగ మన హైదరాబాద్‌లో లేదు. ఎండు పండు గింజ మొలిచిందంటేనే అక్కడ ఆ పురుగు పని చేసిందని అర్థం. పురుగుతో పనిలేకుండా కాసే రకంలో గింజ ఉత్త బోలు, మొలవదు.

రోజూ_నానబెట్టే_అమ్మాయి:
ఒక్క నిమిషం. నేను రాత్రి నీళ్లలో వేసుకుని పొద్దున్నే తినే అంజీర్‌లో కందిరీగ ఉంటుందా?? మేం శాకాహారులం, మా అమ్మ శనివారం ఉపవాసానికి అదే తింటుంది!

అత్తాపూర్_పెద్దాయన:
ఇదిగో, అనవసరంగా భయపెట్టారు. మేడిపండు విప్పితే పురుగులుంటాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు. తినడం మానేశామా?

ఉప్పల్_అంట్లు:
అడుగు రంధ్రంలోంచి దూరేటప్పుడు దాని రెక్కలు ఊడిపోతాయి, లోపలే చచ్చిపోతుంది. పండులోని రసాలు దాన్ని చాలావరకు కరిగించేస్తాయి. నోటికి కరకరలాడేవి గింజలే. టెన్షన్ అక్కర్లేదు.

రోజూ_నానబెట్టే_అమ్మాయి:
"చాలావరకు" అన్నారు. ఇప్పుడు నేను అమ్మకేం చెప్పాలి?

బోడుప్పల్_వేపపిండి:
చెప్పకండి.

మౌలాలి_మొక్కలాయన:
మా వీధి చివర మేడిచెట్టు ఉంది. ఆ పురుగులే వచ్చి పని చేసిపెట్టవా?

రిటైర్డ్_ఉద్యాన:
పెట్టవు. ఈ జాతిలో ఏ చెట్టుకు దాని కందిరీగ దానికే. సర్వీసంతా పండ్లతోటల్లోనే గడిపినవాణ్ణి, ఇక్కడ సగం మంది వీడియోలు చూసి మాట్లాడుతున్నారు. మనకు పూనా అంజీర చాలు, పురుగు అక్కర్లేదు. 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పురందర్ అంజీర్ పుణె పక్కదే. అక్కడి రైతులు రెండు పంటలు తీస్తారు: వానల్లో వచ్చేది ఖట్టా బహార్, ఎండల్లో వచ్చేది మీఠా బహార్. పేర్లలోనే రుచి ఉంది. వానాకాలం పండు నీళ్లు తాగి చప్పబడుతుంది, పగులుతుంది. కాబట్టి వానలు వెనకబట్టాక కొమ్మలు కత్తిరించండి. కొత్త చిగురుకే కాయ వస్తుంది.

బోడుప్పల్_వేపపిండి:
సార్ చెప్పింది కరెక్టే గానీ కత్తిరింపు మిట్టమధ్యాహ్నం పెట్టుకోకండి. ఆ తెల్లటి పాలు చేతికంటి ఎండ తగిలితే బొబ్బలెక్కుతాయి. మా ఆయన బనీను మీద చేశారు, మోచేతి దగ్గర నల్లమచ్చ చాలాకాలం పోలేదు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, గ్లవ్స్ తప్పనిసరి.

డయానా_చీటీ:
రకం గురించి నన్నడగండి. ఒక మేళాలో డయానా అని చీటీ కట్టి, మామూలు మొక్కకు మూడింతల రేటు తీసుకున్నారు. తీరా కాశాక చూస్తే పూనా. ఫోన్ చేస్తే "మా దగ్గర అదే డయానా సార్" అంటాడు!

రిటైర్డ్_ఉద్యాన:
డయానా కాయ పెద్దది, పండినా పసుపు ఛాయలోనే ఉంటుంది. పూనా ఊదారంగుకు తిరుగుతుంది. కాయ ఉన్న మొక్కనే కొంటే ఈ గొడవ ఉండదు.

డయానా_చీటీ:
కాయ ఉన్నదే కొన్నా సార్. పచ్చికాయకు రంగు ఏం తెలుస్తుంది?

మౌలాలి_మొక్కలాయన:
నా మొక్కకు ఆకుల కింద నారింజ పొడి, ఆకులన్నీ రాలి కట్టెలా నిలబడింది. చచ్చినట్టేనా?

బోడుప్పల్_వేపపిండి:
తుప్పు తెగులది, వానల్లో మామూలే. రాలిన ఆకులు కుండీలో వదలకుండా ఏరేసి బయట పారేయండి, 1 శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) కొట్టండి. మళ్లీ చిగురిస్తుంది. అలాగే ఒకసారి వేళ్లు చూడండి, ముడులు ముడులుగా ఉంటే అది మట్టిలో ఉండి వేళ్లను పట్టే నులిపురుగు. మట్టి మార్చి వేపపిండి కలపాలి.

నిజాంపేట_మిద్దె:
చాలా థ్యాంక్సండీ. కుండీ సైజు మాత్రం ఎవరూ చెప్పలేదు...

ఉప్పల్_అంట్లు:
మొదట చిన్న కుండీ, వేళ్లు నిండాక 50 లీటర్ల డ్రమ్ము. అడుగున రంధ్రాలు పెద్దవి పెట్టండి. కాయలున్నప్పుడు ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచేస్తే రాలిపోతాయి, నీళ్లు ఒక లెక్కన పోయాలి.

అత్తాపూర్_పెద్దాయన:
అమ్మా, ఆ మొలకలు పీకేస్తే పారేయకండి. ఒక రెండు నాకివ్వండి. కాస్తాయో లేదో నేను చూస్తా.

ఉప్పల్_అంట్లు:
సార్, మీ ఇష్టం. కొమ్మ కూడా ఒకటి పంపిస్తా, రెండూ పక్కపక్కనే పెట్టండి.

పిగిలిపిట్ట_బాధితుడు:
వల గురించి ఎవరూ పట్టించుకోలేదు. దోమతెర గుడ్డతో కుట్టిన సంచులు కాయకొక్కటి తొడిగాను, ఇప్పుడు ఉడతలు సంచీతో సహా ఎత్తుకుపోతున్నాయి. ఇనుప జాలీ కట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అడుగు ఎంత పడింది?