అప్‌డేట్: ఒడిశాలోని రాయగడ నుంచి ఎంబీఏకి, తొమ్మిదేళ్ల ఉద్యోగం తర్వాత

నమస్కారం అండీ. తొమ్మిదేళ్లు ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో పనిచేశాక, 33 ఏళ్ల వయసులో విదేశీ ఎంబీఏకి వెళ్లొచ్చా అని ఆర్నెల్ల క్రితం అడిగాను. ముందు జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) రాయమన్నారు మీలో చాలామంది. రాశాను, 655 వచ్చింది!

పరీక్ష ఇప్పుడు 2 గంటల 15 నిమిషాలే, వ్యాసం కూడా తీసేశారు. నన్ను ఏడిపించింది మాత్రం క్వాంట్, అంటే లెక్కల భాగం. క్యాలిక్యులేటర్ డేటా ఇన్‌సైట్స్ (పట్టికలు, గ్రాఫులు చూసి జవాబు చెప్పేది) భాగంలోనే ఇస్తారు, క్వాంట్‌లో ఇవ్వరు. ఇన్నేళ్లూ ఎక్సెల్‌తోనే పని కదా, 17 ఎనిమిదులు ఎంత అంటే చెయ్యి ఆగిపోయేది. రోజూ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మా పాప పలక మీద ఇద్దరం ఎక్కాలు రాసేవాళ్లం. బడిలో నేర్పినట్టు అది ఒడియాలో, నేను తెలుగులో, పైకి చదువుతూ. ఆ రెండు నెలలే నన్ను గట్టెక్కించాయి.

ఫ్రాన్స్‌లోని ఇన్‌సియాడ్ అనే బిజినెస్ స్కూల్‌కి అప్లై చేస్తున్నాను. కోర్సు 10 నెలలు. చాలా ఎంబీఏల్లా రెండేళ్లయితే, అన్నాళ్లు జీతం లేకుండా ఉండటం మావల్ల కాదు, పాపని అంతకాలం వదిలి ఉండలేను కూడా. "నేను చూసుకుంటాను, నువ్వెళ్లిరా అమ్మా" అని అత్తయ్యగారు అన్నప్పుడు కళ్లనీళ్లు ఆగలేదు.

లోన్ టెన్షన్ ఇంకా ఉంది. ఈసారి సీటు రాకపోయినా స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. డిగ్రీ మార్కుల పత్రాల కోసం సోమవారం బరంపురం వెళ్తున్నాను. ఇంటర్వ్యూ పిలుపు వస్తే మళ్లీ రాస్తాను.