హాలులోని నల్లరాతి ఫైర్‌ప్లేస్‌కు రంగు వేయవచ్చునా? సలహా కావాలి

ప్రశ్న: లాసన్స్ బే కాలనీ గృహిణి

అందరికీ నమస్కారం. మా మామగారు నీలగిరుల తేయాకు తోటల్లో ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసి, 1986లో విశాఖపట్నం వచ్చి ఇల్లు కట్టించుకున్నారు. ఇక్కడ జనవరి రాత్రులు కూడా పలుచని దుప్పటితో గడిచిపోతాయని బంధువులందరూ చెప్పినా, కూనూరులో ఉన్నట్టే ఇంట్లో ఫైర్‌ప్లేస్ ఉండాలని పట్టుబట్టి, హాలు పడమటి గోడకు నేల నుండి కప్పు దాకా నల్లరాతితో కట్టించారు. గోడ ముఖానికి మార్కాపురం పలకరాయి, పైన మాంటెల్‌కు, అంటే మంట గూటి పైన ముందుకు పొడుచుకు వచ్చే అరకు, రెండంగుళాల మందం గల కడప బండ వాడారు. మొత్తం వెడల్పు ఆరడుగులు. మంట వేసే గూడు మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉంటుంది. మాంటెల్ నాలుగున్నర అడుగుల ఎత్తున, గోడ నుండి తొమ్మిదంగుళాలు ముందుకు వచ్చి ఉంటుంది.

మామగారు కాలం చేసి నాలుగేళ్లయింది. ఆయన ఉన్నప్పుడు ఏటా డిసెంబరు చివర నాలుగైదు రోజులు సరుగుడు కట్టెలతో మంట వేసేవారు. ఇప్పుడు ఆ అలవాటు పోయింది. పోయిన భోగికి మాత్రం పిల్లలు ముచ్చట పడితే, ఆ గూటిలో బొగ్గుల కుంపటి పెట్టి హాలులోనే కూర్చున్నాము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పొగగొట్టం మీది మూత ఎగిరిపోతే దానిపై రేకు కప్పించాము. అప్పటి నుండి వానాకాలంలో కుడివైపు రాళ్లు చెమ్మగిల్లి, వాటి మీద తెల్లని పొడి తేలుతోంది.

ఈ మూడేళ్లుగా హాలులోకి అడుగుపెడితే ఆ గోడ మనసును నొక్కేస్తున్నట్టు ఉంటోంది. మావారు దాన్ని పూర్తిగా తెల్ల టైల్స్‌తో కప్పేద్దామంటున్నారు. అత్తయ్యగారు ఏమీ అనడం లేదు గాని, కార్తికమాసంలో ఆ మాంటెల్ మీదే దీపం పెట్టుకుంటారు కనుక, ఆమె మౌనం అంగీకారం కాదని నాకు తెలుసు. రాయికి తెల్లరంగు వేస్తే సరిపోతుందా? మాంటెల్‌ను చెక్కతో మార్చవచ్చునా? సంక్రాంతికి అక్కడ బొమ్మల కొలువు పెట్టాలని నా కోరిక. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: విశ్రాంత సివిల్ ఇంజినీరు, ఎంవీపీ కాలనీ

అమ్మా, రంగు మాట తరువాత చూద్దాము, ముందు కుంపటి మాట చెప్పాలి. పొగగొట్టం పైన రేకు కప్పి ఉండగా కింద బొగ్గులు రాజేయడం ప్రాణాపాయం. బొగ్గు పొగ లేకుండా కాలుతుంది కనుక ప్రమాదం లేదనిపిస్తుంది, కానీ దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలుపులు వేసుకున్న గదిలో తలనొప్పితో మొదలై స్పృహ తప్పే దాకా తీసుకుపోతుంది. ఈ భోగికి పిల్లలు ఎంత అడిగినా ఆ పని చేయకండి.

ఇక తెల్లని పొడి. అది సున్నమూ కాదు, బూజూ కాదు. పైనుండి దిగిన నీరు ఇటుకలోను, సిమెంటులోను ఉన్న లవణాలను కరిగించుకొని రాతి సందుల నుండి బయటికి వచ్చి ఆరిపోయినప్పుడు మిగిలే ఉప్పు. దాన్ని నీళ్లతో కడిగితే మళ్లీ కరిగి లోపలికే పోతుంది. పొడిగా ఉన్నప్పుడు కొబ్బరిపీచు బ్రష్షుతో రాల్చి, ఊడ్చి పారవేయాలి. నీటి దారి మూసే దాకా అది తేలుతూనే ఉంటుంది కనుక మేడ మీద పొగగొట్టం చుట్టూ స్లాబు కలిసే చోట పగుళ్లు చూడండి. రేకు తీయించి, నాలుగు వైపులా గాలి ఆడే కన్నాలు, వాన జల్లు పడకుండా చూరు ఉండే సిమెంటు మూత పోయించండి. పైనా కిందా బిగించి మూసేసిన పొగగొట్టంలో చెమ్మ చిక్కుకొని గోడలోకే దిగుతుంది. ఆ తరువాత ఒక వానాకాలం గడవనిచ్చి, రాయి పొడిగా నిలిచిందని నిర్ధారించుకున్నాకే తక్కిన పనులు మొదలుపెట్టండి.

మరొక హెచ్చరిక కూడా ఉంది. శుభ్రం చేయమంటే మన మేస్త్రీలు మొదట అడిగేది యాసిడ్. కడప బండ నల్లగా ఉన్నా సున్నపురాయి జాతికి చెందినది. యాసిడే కాదు, నిమ్మరసం, చింతపండు పులుసు పడినా దాని మెరుగు పోయి బూడిదరంగు మచ్చ మిగులుతుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు, మిషనుతో మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. పలకరాయి అంత తేలికగా చెడదు గాని, దాని సందుల్లోని సిమెంటును యాసిడ్ తినేస్తుంది. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే సబ్బు ద్రావణం కొద్దిగా కలిపి, మెత్తని బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో రెండుసార్లు తుడిస్తే చాలు. గూటి పై అంచున పేరుకున్న మసికి మాత్రం చాకలి సోడా నీళ్లు, చేతులకు గ్లవ్స్ తొడుక్కొని, వాడండి.

చివరగా ఒక పరీక్ష. పొడిగా ఉన్న ఎడమవైపు రాతి మీద ఒక నీటిబొట్టు వేసి చూడండి. అది పూసలా నిలిచి జారిపోతే, ఎప్పుడో వార్నిష్ పూశారని అర్థం. ఆ రోజుల్లో రాయి నిగనిగలాడాలని వార్నిష్ వేయించడం చాలా ఇళ్లలో ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ అది పసుపు తిరిగి, దుమ్ము పట్టి, రాతి సహజమైన బూడిద, ఆకుపచ్చ ఛాయలను దాచేస్తుంది.

జవాబు: సీతమ్మధార నుండి

నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని రాస్తున్నాను. మా వరండా గోడకు కూడా ఇలాంటి పలకరాయే ఉండేది. చీకటిగా ఉందని 2019లో ప్రైమర్ కొట్టించి, రెండు పూతల తెల్ల ఎమల్షన్ వేయించాము. మొదటి ఆరు నెలలు ఎంతో సంతోషించాను. రెండో వానాకాలానికి రంగు బుడగలు బుడగలుగా లేచింది. గోకించబోతే రంగుతో పాటు రాతి పొరలు కూడా ఊడి వచ్చాయి. పలకరాయి పుట్టుకే పొరలు పొరలుగా ఉంటుంది కదా, లోపల చెమ్మ ఉండి బయట రంగు దారి మూసేస్తే అది ఇంకెక్కడికి పోతుంది? చివరికి రాయంతా తీయించి ప్లాస్టరింగ్ చేయించుకున్నాము. రంగు వేయడం ఒక్క పూట పని, తీయడం మాత్రం మన చేతిలో ఉండదు. మీ అత్తయ్యగారి మనసు ఉన్న గోడ విషయంలో అంత తొందర వద్దని నా మనవి.

జవాబు: ఇంటీరియర్ డిజైనర్, సిరిపురం

పై ఇద్దరితోనూ నేను చాలావరకు ఏకీభవిస్తాను. అయితే మీ ప్రశ్నలో ఒక మాట నన్ను ఆపింది. ఆ రాయి 1986 నుండి అక్కడే ఉంది, అది మనసును నొక్కడం మొదలుపెట్టింది మాత్రం మూడేళ్ల నుండి. అంటే మారింది రాయి కాదు. ఈ మూడేళ్లలో మీ తూర్పు కిటికీకి ఎదురుగా ఏదైనా కట్టడం లేచిందా? లాసన్స్ బేలో పాత ఇళ్ల స్థానంలో ఇప్పుడు అపార్టుమెంట్లు వస్తున్నాయి. సముద్రం వైపు నుండి ఉదయపు వెలుగు నేరుగా పడే రోజుల్లో పలకరాతి ఎగుడుదిగుళ్లన్నీ నీడలతో కనిపిస్తాయి. ఆ వెలుగు ఆగిపోతే అదే గోడ ఒక్క నల్లని ముద్దలా మారుతుంది.

అందుకని నేను మొదట దీపాల పని చేయిస్తాను. కప్పులో, గోడకు ఎనిమిది పది అంగుళాల దూరంలో, కిందికి చూసే చిన్న దీపాలు మూడు పెట్టిస్తే వెలుగు రాతిని రాసుకుంటూ దిగి ప్రతి పొరనూ విడదీసి చూపిస్తుంది. దూరం పెరిగితే ఆ గుణం పోతుంది. మాంటెల్ అడుగున, ముందు అంచుకు వెనుకగా, కంటికి కనబడకుండా ఒక ఎల్‌ఈడీ పట్టీ అతికించి గూటి మీదికి వెలుగు వదలండి. రెండింటికీ 2,700 కెల్విన్ల పసుపుపచ్చని వెలుగే తీసుకోండి. తెల్లని ట్యూబులైటు వెలుగులో నల్లరాయి సీసంలా నిర్జీవంగా కనిపిస్తుంది.

తరువాత పక్క గోడలు. అవి తెల్లగా ఉంటే, తెలుపు పక్కన నలుపు మరింత నల్లగా కనిపించడమే మీ ఇబ్బందిలో సగం అయి ఉండవచ్చు. ఇసుకరంగో, లేత మట్టిరంగో వేస్తే ఆ రెండింటి నడుమ అంతరం తగ్గుతుంది. రాతిని ముట్టుకోకుండానే గోడ రూపు మార్చే మరో ఉపాయం పాయింటింగ్. మీ సందులు నల్ల సిమెంటుతో నింపి ఉంటే, వాటిని ముప్పాతిక అంగుళం లోతున చెక్కించి లేత బూడిదరంగు సున్నపు గారతో మళ్లీ నింపించండి. ఒక్కొక్క రాయి విడివిడిగా కనబడి గోడ బరువు తగ్గినట్టు ఉంటుంది. మేస్త్రీ ఓపికగలవాడై ఉండాలి, గార రాతి ముఖం మీదికి పాకితే గోడ మరకలు పడినట్టు తయారవుతుంది.

చెక్క మాంటెల్ గురించి. ముందు ఇకపై అక్కడ మంట వేస్తారా, వేయరా అన్నది తేల్చుకోండి. వేసే ఉద్దేశం ఉంటే, నిత్యం ఫైర్‌ప్లేస్‌లు వాడే అమెరికాలో పాటించే నియమం మనకూ పనికివస్తుంది. గూటి అంచు నుండి ఆరంగుళాల లోపు చెక్క అసలు ఉండకూడదు. పన్నెండంగుళాల లోపు ఉన్న చెక్క, దూరంలో ప్రతి అంగుళానికి అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున మాత్రమే ముందుకు రావచ్చు. అంటే పదంగుళాల దూరంలో ఉన్న చెక్క అంగుళంపావుకు మించి పొడుచుకు రాకూడదు. మీ మాంటెల్ గూటికి రెండడుగుల పైన ఉంది కనుక ఈ ఇబ్బంది దానికి లేదు, ఇబ్బందల్లా గూటి చుట్టూ చెక్క చట్రం బిగించాలనుకున్నప్పుడే. అయినా అంత మందం గల ఏకశిల కడప బండను తీయించమని నేను చెప్పలేను. మెరుగు పట్టిస్తే అదే ఆ గోడకు అందమైన భాగం అవుతుంది.

మీవారు టైల్స్ కావాలని గట్టిగా పట్టుబడితే, రాతి మీద నేరుగా అతికించకుండా, సందుల్లో స్క్రూలు బిగించి నిలిపిన సిమెంటు ఫైబర్ బోర్డు మీద వేయించండి. రేపు మనసు మారితే బోర్డు విప్పవచ్చు, రాయి రాయిగానే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ ఎంతో కృతజ్ఞురాలిని. కుంపటి విషయం చదివిన రోజే ఇంట్లో అందరికీ చెప్పాను. ఇకపై ఆ గూటిలో మంట వేయకూడదని నిర్ణయించుకున్నాము. డిజైనర్‌గారు ఊహించినట్టే, మూడేళ్ల క్రితం మా తూర్పున అయిదంతస్తుల కట్టడం లేచింది. అది మాకు ఎందుకు తట్టలేదో ఆశ్చర్యంగా ఉంది. నీటిబొట్టు పూసలాగే నిలిచింది. తలుపు వెనుక మూలన జానెడు మేర వార్నిష్ తీసే ద్రావణంతో, కిటికీలు తెరిచి పెట్టి, తుడిచి చూశాము. లోపల నుండి నీలి బూడిదరంగు, అక్కడక్కడ తుప్పు ఛాయ బయటపడ్డాయి. అత్తయ్యగారు ఆ జానెడు రాతిని చేతితో తడిమి, కట్టిన కొత్తలో ఇలాగే ఉండేదని అన్నారు. మావారు టైల్స్ మాట మళ్లీ ఎత్తలేదు. వానలు తగ్గాక మూత పని, ఆ తరువాత దీపాలు పెట్టుకుంటాము.

ఇక మాంటెల్ మీద ఏమి పెట్టాలో చెప్పండి. మా దగ్గర ఏటికొప్పాక బొమ్మలు ముప్పై దాకా, అత్తయ్యగారి పుట్టింటి బుడితి ఇత్తడి చెంబులు రెండు ఉన్నాయి. పైన అద్దం పెట్టమని మా ఆడపడుచు అంటోంది.

జవాబు: ఇంటీరియర్ డిజైనర్, సిరిపురం

అద్దం పెట్టే ముందు, దానిలో ఏమి కనబడుతుందో ఒకసారి చేతి అద్దంతో నిలబడి చూసుకోండి. ఎదుటి కట్టడం పైపులు కనబడేటట్లయితే అద్దం వద్దు. పైగా సముద్రపు గాలికి అద్దం అంచుల్లో వెనుక పూత నల్లబడుతుంది. నేత వస్త్రాన్ని చట్రం కట్టించి, మాంటెల్‌కు అయిదంగుళాల పైన తగిలించండి.

ముప్పై బొమ్మలూ ఏడాది పొడవునా ఒకే వరుసలో పెడితే దుకాణం అలమరలా ఉంటుంది. రెండు చెంబులూ ఎడమ కొసన దగ్గర దగ్గరగా, ఒకటి కొంచెం ముందుకు ఉంచి, కుడి వైపు మూడు నాలుగు బొమ్మలు పెట్టి, నడుమ అత్తయ్యగారి దీపానికి చోటు ఖాళీగా వదలండి. నల్ల కడప బండ మీద ఏటికొప్పాక ఎరుపు, పసుపు రంగులు మరే రాతి మీదా అంతగా పలకవు. సంక్రాంతికి గూటిలోనే మూడు మెట్లు అమర్చి కొలువు తీర్చండి. మాంటెల్ అడుగున పెట్టే దీపపు పట్టీ వెలుగు అప్పుడు ముందు వరుస బొమ్మల మీద పడుతుంది. ఖాళీ గూటిలో అందం కోసం సరుగుడు దుంగలు పేర్చడం మాత్రం వద్దు, మన ఊరి చెమ్మకు వాటిలో చెదలు చేరి తలుపుల దాకా పాకుతాయి.

జవాబు: సీతమ్మధార నుండి

ఒక చిన్న మాట చేర్చాలి. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రతో చేసి, తిరుగుతున్న కర్రకు లక్క అద్ది రంగు తెస్తారు. లక్క సుమారు 75 డిగ్రీల వేడికే కరుగుతుంది కనుక, కార్తిక దీపానికి బొమ్మలు కనీసం మూరెడు దూరంలో ఉండాలి. దీపం కింద ఒక ఇత్తడి పళ్లెం ఉంచితే నూనె బండలోకి ఇంకదు.

అలాగే సముద్రం దగ్గర ఇత్తడి నెల తిరగకుండానే నల్లబడుతుంది. చెంబులను చింతపండుతో తోమేటప్పుడు వాటిని వంటింటి గట్టుకు తీసుకుపోండి. బాగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అడుగున తడి లేదని చూసుకున్నాకే మాంటెల్ మీద తిరిగి పెట్టండి.